బాణాలమ్మ పుస్తకం

మా ఫ్యాక్టరీలో ఆమెకి స్నేహితులెవరూ లేరు. నన్ను కలుపుకుంటే ఒకరు. నన్ను కలుపుకోవచ్చా లేదా అన్నది ఇదంతా విన్నాక మీరే చెప్పండి.

మేం చొక్కాలు తయారుచేసే చోట పనిచేస్తాం. ఒకే పెద్ద హాలు, ఆరు వరసల కుట్టు మిషన్లు, వాటి చివర చెకింగ్ బల్లలు, ఆ పక్కన ఇస్త్రీ బల్లలు. నాది ఇస్త్రీ, పంతొమ్మిదేళ్ళుగా. ఆమెది చెకింగ్. కుట్టు పూర్తయిన చొక్కా ముందు ఆమె చేతికి వస్తుంది. నెత్తి మీద ట్యూబులైటు, ముందు తెల్లటి బల్ల. కాలరు, భుజాలు, చంకలు, చేతులు, జేబు, బొత్తాలు, అంచు. ఏ చొక్కా అయినా ఇదే వరస, వరస తప్పితే కన్ను తప్పుతుంది. ఎక్కడ కుట్టు జారినా, దారం వేలాడినా, మరకున్నా అక్కడ ఒక ఎర్ర స్టిక్కరు అంటిస్తుంది. చిన్న బాణం బొమ్మ అది, మొన తప్పు వైపు ఉండాలి. బాణం పడ్డ చొక్కా వెనక్కి పోతుంది. పడనిది నా బల్ల మీదికి వస్తుంది.

ఇందులో ఒక పద్ధతుంది. బాణం తప్పెక్కడుందో చూపిస్తుంది, అంతే. ఎవరు కుట్టారు, ఎందుకు తప్పారు అన్నది చెకర్ రాయకూడదు. రాస్తే కుట్టేవాళ్ళూ చెకర్లూ జుట్టూ జుట్టూ పట్టుకుంటారు కాబట్టి ఆ సంగతి సూపర్‌వైజరు తేలుస్తాడు. ఈ పద్ధతి నాకు తెలుసు, హాల్లో ఉన్న రెండొందల మందికీ తెలుసు. ఇంటికి పోయేటప్పుడు మేమంతా దాన్ని గేటు దగ్గర వదిలేసి పోతాం. ఆమె మాత్రం వెంట తీసుకుపోయింది.

మిగతా చెకర్లు గంటకి పది బాణాలేస్తే ఆమె పాతిక వేసేది. బాణాలమ్మ అని పేరు పెట్టింది నేనే. అందరికీ నచ్చి అదే స్థిరపడిపోయింది, చివరికి సూపర్‌వైజరు కూడా మైకులో "బాణాలమ్మా, రెండో లైనుకి రా" అని పిలిచేవాడు. ఆమె కోపం తెచ్చుకోలేదు. పేరులో తప్పేం లేదు కదక్కా అంది. అదీ దాని తీరు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి.

మొదట్లో ఇంత పట్టుదల ఉండేది కాదు. పెద్దపిల్ల కడుపులో ఉన్నప్పుడు, ఏడో నెలలో, కళ్ళు తిరుగుతుంటే ఒక చొక్కా సరిగ్గా చూడకుండా వదిలేసింది. చంక కింద అంగుళం మేర కుట్టు విడిపోయిన చొక్కా. ప్రతి చొక్కా జేబులోనూ చెకర్ నంబరు చీటీ ఉంటుంది. సరుకు కొనేవాళ్ళ తరఫు మనిషి వచ్చి, వందల అట్టపెట్టెల్లో సరిగ్గా ఆ పెట్టె విప్పి, ఆ చొక్కా తీశాడు. మొత్తం పెట్టెలన్నీ విప్పించారు. మేమంతా మళ్ళీ మొదట్నించీ చూసుకుంటూ ఉంటే, ఆమెని హాలు మధ్యలో నిలబెట్టారు, పొద్దున్నించి గేటు మూసేదాకా. అంత కడుపుతో. కుర్చీ వెయ్యలేదు ఎవరూ. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు ఎవరూ. ఎవరూ అంటే నేనూ అందులో ఉన్నాను. నా సెలవురోజు పోయిందని నాకు ఒళ్ళు మండిపోతోంది.

"తప్పు చూపిస్తే ఒక్క చొక్కా వెనక్కి పోతుందక్కా. దాస్తే లారీ వెనక్కొస్తుంది" అనేది తర్వాత్తర్వాత. ఆ రోజు నిలబడి నిలబడి నేర్చుకున్న పాఠం అది.

ఇక మొగుడి సంగతి. పాత కార్లమ్మే యార్డులో సేల్స్‌మన్. కారుకి ఎటువైపు సొట్ట ఉంటే అటువైపు గోడకి ఆనించి నిలబెట్టడం ఆ మహానుభావుడి విద్య. తాగడు, కొట్టడు, నవ్వుతూ మాట్లాడతాడు. ఇలాంటి మొగుడి మీద ఫిర్యాదు చేసే ఆడదాని మాట వినడానికి ఎవరికీ చెవులుండవు.

ఒక ఏడు ఆ యార్డు మూతపడింది. ఇంట్లో చెప్పలేదు. రోజూ పొద్దున్నే తలదువ్వుకుని, క్యారియరు పట్టుకుని బయల్దేరేవాడు, సాయంత్రం "అబ్బ, నడుం పడిపోయింది" అంటూ వచ్చేవాడు. ఐదు నెలలు. బాణాలమ్మ బట్టలు ఉతుకుతూ పట్టుకుంది. కాలరుకి గ్రీజు మరక లేదు, చేతుల దగ్గర నలుపు లేదు, వీపు మీద మాత్రం అడ్డంగా మూడు తుప్పు గీతలు. పార్కు బెంచీ ఇనప పట్టీలు. నాలుగు రోజులు వరసగా చూసి ఖాయం చేసుకుని, ఐదో రోజు అత్తగారి ఎదుట చొక్కా పరిచి అడిగింది.

"రోజంతా ఎక్కడ కూర్చుంటున్నారు?"

ఎవరూ లేనప్పుడు అడిగి ఉంటే కాపురం నిలబడేదేమో. అత్తగారి ఎదుట అడిగితే మొగుడెలా ఒప్పుకుంటాడు? తర్వాత ఇంకో యార్డులో పని దొరికింది గానీ, చొక్కా పరిచిన రోజు మాత్రం మర్చిపోలేదు. "ఇంట్లో నాకు పెళ్ళాం కావాలి, ఇన్‌స్పెక్టరు వద్దు" అన్నాడు. ఏడాది తిరిగేసరికి ఇద్దరు పిల్లల్ని, రెండు సంచుల్ని తీసుకుని ఆమె మా మేడ మీద, నా పక్క గదిలో దిగింది. ఆ గది ఖాళీగా ఉందని చెప్పింది నేనే.

గదంటే ఒకటే గది. పొయ్యి ఒక మూల, మంచం ఒక మూల, కిటికీ మెట్ల వైపుకి. పంపు వసారాలో, నాలుగు గదులకీ కలిపి. పెద్దదానికి ఆరేళ్ళు, బుడ్డోడికి మూడు. పొద్దున ఐదింటికి లేచి వండి, ఏడింటికి పెద్దదాన్ని బడి బస్సెక్కించి, బుడ్డోణ్ణి చంకనేసుకుని ఫ్యాక్టరీకి పరిగెత్తేది. అక్కడ మెట్ల కింద పిల్లల గదిలో వాణ్ణి దింపి, ఎనిమిదింటికల్లా బల్ల దగ్గరుండాలి. సాయంత్రం ఆరున్నరకి ఇదంతా వెనక నుంచి ముందుకి. తల దువ్వుకోవడానికి టైమెక్కడుందని ఎవరైనా అడిగితే, దువ్వుకోవడం మానేసి చాలా రోజులైందని నవ్వేది. నవ్వితే బాగుండేది పాపం.

పిల్లలు ఎవరి దగ్గరుండాలన్నది కోర్టులో ఇంకా తేలలేదు. తేలేదాకా తల్లి దగ్గర, శనివారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం దాకా తండ్రి దగ్గర. అప్పుడే కౌన్సెలింగ్ మేడం ఒక నోటుపుస్తకం చేతిలో పెట్టింది. పిల్లల సంచిలో పెట్టి పంపాలి, అటూ ఇటూ తిరగాలి.

"ఇందులో ఇద్దరూ రాయండమ్మా" అందట. "ఏం తిన్నారు, జ్వరమొచ్చిందా, దెబ్బ తగిలిందా, అన్నీ. ఏదీ దాచొద్దు. దీన్ని పట్టుకుని ఎవరూ ఎవర్నీ తప్పుపట్టరు."

చెప్పేవాళ్ళకి వినేవాళ్ళు లోకువ. ఆ మాట లోకంలో ఇంకెవరికి చెప్పినా ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేసేవాళ్ళు. పోయి పోయి బాణాలమ్మకి చెప్పింది.

శనివారం సాయంత్రం మొగుడు కారేసుకుని వచ్చేవాడు, యార్డులో కారు. వారానికో కారు. ఒకసారి ఎరుపు, ఒకసారి తెలుపు, ఒకసారి పైకప్పు తెరుచుకునేది. పిల్లలు మా నాన్నకి ఇరవై కార్లున్నాయని మేడంతా చెప్పుకునేవాళ్ళు. అక్కడ వాళ్ళని చూసుకునేది నానమ్మ. ఆవిడ టీవీ ముందు కూర్చుందంటే ఇల్లు కాలుతున్నా సౌండు పెంచే రకం. ఆదివారం సాయంత్రం ఆరింటికి కారు మళ్ళీ వచ్చి గేటు ముందు ఆగేది.

పిల్లలు లోపలికి రాగానే బాణాలమ్మ తలుపేసి లైటు కింద నిలబెట్టేది. తల, చెవులు, మెడ, భుజాలు, చేతులు, గోళ్ళు, మోకాళ్ళు, పాదాలు. తర్వాత కూర్చుని పుస్తకంలో రాసేది. నేనొకసారి చదివాను. ఎడమ మోచేతి కింద రెండంగుళాల గీత. కుడి మోకాలి మీద రూపాయంత కమిలిన మచ్చ. పెద్దదానికి దగ్గు, శుక్రవారం నుంచి. బుడ్డోడి చొక్కా మూడో బొత్తాం లేదు. అంతే, ఎక్కడ తగిలింది, ఎవరి దగ్గర తగిలింది, ఒక్క ముక్క లేదు. కొన్ని తన దగ్గర తగిలినవి, కొన్ని అక్కడ తగిలినవి, అన్నీ ఒకే వరసలో, ఒకే చేతిరాతలో.

ఆయనగారి పేజీలు చదవడానికి ఒక నిమిషం చాలు. ఇద్దరూ బాగున్నారు. బాగా తిన్నారు. బాగా ఆడుకున్నారు. తర్వాతి వారం, ఇద్దరూ బాగున్నారు, బాగా తిన్నారు. ఒకే స్టాంపుతో గుద్దినట్టు.

"ఏమే, నీకేమైనా పిచ్చా?" అన్నాను. "ఈ మచ్చ అక్కడ పడిందని రాయి."

"నేను చూడలేదుగా అక్కా."

"శనివారం లేనిది ఆదివారం ఎలా వచ్చిందే?"

"అది వాళ్ళు చూసుకుంటారు. చూపించడమే మన పని. ఎవరు చేశారో తేల్చడానికి పైన అంత పెద్ద కోర్టుంది కదా."

కోర్టుని సూపర్‌వైజరు అనుకుంది పిచ్చిమొహం. మా సూపర్‌వైజరు ఎంత వెధవైనా, ఏ మిషను మీద ఏ కుట్టు పడిందో వాడికి తెలుసు. కోర్టుకి ఏం తెలుసు?

ఇంకో పేజీ మళ్ళీ మళ్ళీ చదివాను. 'బుధవారం పెద్దదాన్ని వీపు మీద ఒకటి కొట్టాను. బూట్లు వేసుకోకుండా కూర్చుంది. బస్సు వెళ్ళిపోయింది. వేలి గుర్తులు రెండు, సాయంత్రానికి పోయాయి.'

"ఇది చింపెయ్" అన్నాను.

"చింపితే పేజీ నంబరు పోతుంది."

"పోతే పోనీ! దెబ్బలాడుకునే మొగుడికి ఎవరైనా చేతికి కర్ర అందిస్తారటే?"

"కొట్టింది నిజమే కదక్కా" అంది. కళ్ళల్లో నీళ్ళున్నాయి. కొట్టినందుకు ఏడుస్తోంది గానీ రాసినందుకు కాదు. దాన్ని లాగి లెంపకాయ కొట్టాలనిపించింది నాకు. నాకు పిల్లల్లేరు, బుద్ధులు చెప్పడం నాకెందుకని ఊరుకున్నాను.

వర్షాలు మొదలైన నెలలో ఒక శనివారం మధ్యాహ్నం ఆమెకి ఓవర్‌టైం పడింది. నాకు సెలవు. పిల్లల్ని నా దగ్గర వదిలింది. పంపు దగ్గర కూర్చోబెట్టి బుడ్డోడికి తలంటింది నేనే. సబ్బు కళ్ళల్లో పడి ఒకటే ఏడుపు. తల తుడిచి, దువ్వి, పాపిట తీశాను. ఈ చేతులతో ఆ తలంతా తడిమాను, చీమ కుట్టిన గుర్తు కూడా లేదు. ఐదింటికి నీలం కారొచ్చింది, ఎక్కి వెళ్ళారు.

మర్నాడు సాయంత్రం ఆరింటికి తిరిగొచ్చారు. పది నిమిషాల్లో బాణాలమ్మ నా తలుపు కొట్టింది. బుడ్డోడి తల వెనక జుట్టు అట్టకట్టి ఉంది, జుట్టు తీసి చూస్తే అంగుళం పొడవు కోత. పైన ఏదో పొడి అద్ది ఉంది. పెద్దది మంచం కింద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

"మెట్ల మీంచి పడ్డాడు" అంది ఎవర్నీ చూడకుండా. "పొద్దున. చెప్పొద్దంది నానమ్మ."

పుస్తకం తెరిచి చూశాం. ఆదివారం, ఇద్దరూ బాగున్నారు, బాగా తిన్నారు.

ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఆలస్యమైంది, ముందే తీసుకురావాల్సిందని డాక్టరు బాణాలమ్మని తిట్టాడు. మూడు కుట్లు. చీటీ మీద తేదీ, టైము రాత్రి ఎనిమిదీ పది, తీసుకొచ్చింది తల్లి అని రాశాడు. ఇంటికొచ్చాక ఆ చీటీ జాగ్రత్తగా జిగురుపెట్టి పుస్తకంలో అతికించింది. పక్కన రాసింది. తల వెనక, కుడి చెవికి రెండంగుళాల పైన, అంగుళం కోత, మూడు కుట్లు.

"మెట్ల మీంచి పడ్డాడని రాయవే తల్లీ" అని బతిమాలాను.

"నేను చూసింది దెబ్బ. పడటం చూడలేదు. పిల్లని సాక్ష్యానికి లాగమంటావా అక్కా?"



మూడు నెలలకి కేసు విచారణకొచ్చింది. ఆమె తరఫు లాయరు కుర్రాడు, ప్రభుత్వం ఉచితంగా ఇచ్చినవాడు. అయినా మంచివాడే, పుస్తకం చదివి తల పట్టుకున్నాడట. ఒక్క సాక్షి చాలన్నాడు. శనివారం తల బాగుందనీ ఆదివారం సాయంత్రం పగిలి వచ్చిందనీ కళ్ళారా చూసిన మనిషి ఒక్కరు వచ్చి చెప్తే, మిగతా పేజీలన్నిటికీ అర్థం మారిపోతుందన్నాడు. అలాంటి మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉంది. నేను.

వస్తానన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

సరిగ్గా విచారణ రోజే సరుకు వెళ్ళాల్సి వచ్చింది. ముందురోజు సాయంత్రం సెలవడిగితే సూపర్‌వైజరు తలెత్తకుండా, "వెళ్ళు. వెళ్ళినదానివి వెళ్ళినట్టే ఉండు, మళ్ళీ రాకు" అన్నాడు. పంతొమ్మిదేళ్ళు ఇస్త్రీ పెట్టె మోసిన చెయ్యి, యాభై మూడేళ్ళ వయసు, నాకు ఇంకెవరు పనిస్తారు? ఇలా నేను చాలామందికి చెప్పాను, అందరూ అవునన్నారు. నిజమేమిటంటే భయపడ్డాను. పొద్దున్నే ఆమె నా తలుపు కొట్టేలోగా ఇల్లు దాటి ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాను. ఎప్పుడూ ఎనిమిదింటికి వెళ్ళేదాన్ని, ఆ రోజు ఆరున్నరకే గేటు దగ్గరున్నాను.

కోర్టులో ఏం జరిగిందో తర్వాత ఆమే చెప్పింది, చొక్కా చూసినట్టు వరసగా. అవతలి లాయరమ్మ గొంతు చాలా మెత్తనట. పుస్తకం తెరిచి ఒక్కో పేజీ చదివించిందట, ఆమె చేతే.

"ఇది మీ చేతిరాతేనా అమ్మా?"

"నాదేనండి."

"ఈ తల మీద కోత రాసినప్పుడు బాబు ఎవరింట్లో ఉన్నాడు?"

"మా ఇంట్లో."

"ఆస్పత్రికి ఎవరింటి నుంచి తీసుకెళ్ళారు?"

"మా ఇంటి నుంచే. కానీ అది..."

"ఈ పుస్తకంలో ఎక్కడైనా ఒక్క దెబ్బ తండ్రి ఇంట్లో తగిలిందని రాశారా?"

"రాయలేదండి. నేను చూడలేదు కాబట్టి..."

"వీపు మీద వేలి గుర్తులు. అవి మీవేనా?"

"నావే."

"మొత్తం దెబ్బలు, జ్వరాలు, గాయాలు డెబ్భై ఒకటి. అన్నీ మీ పేజీల్లోనే. తండ్రి పేజీల్లో ఒక్కటి చూపించగలరా?"

చూపించలేకపోయింది. మెట్ల సంగతి అప్పుడు చెప్పిందట గానీ, ఇన్నాళ్ళూ రాయని మాట ఇప్పుడు ఎలా గుర్తొచ్చిందమ్మా అని అడిగితే నోరు పెగల్లేదట. కుర్రలాయరు వాకిలి వైపు చూస్తూనే ఉన్నాడట, నేను వస్తానేమోనని.

జడ్జిగారు తీర్పులో ఆమెని మెచ్చుకున్నారు. ఇంత నిజాయితీ గల తల్లిని తన సర్వీసులో చూడలేదన్నారు. కానీ ఆమె రాతల ప్రకారమే, పని ఒత్తిడిలో ఆమె ఇంట్లో పిల్లలకి తరచూ దెబ్బలు తగులుతున్నాయనీ, తండ్రి ఇంట్లో పగలంతా కనిపెట్టుకునే పెద్దదిక్కు ఉందనీ, అందువల్ల పిల్లలిద్దర్నీ తండ్రికి అప్పగించాలనీ అన్నారు. తల్లికి రెండో ఆదివారం, నాలుగో ఆదివారం, పదింటి నుంచి ఐదింటి దాకా. పుస్తకం కోర్టు ఫైల్లో ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఆమె నా గది ముందు నిలబడింది. తిడుతుందని కాచుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"పర్లేదక్కా. సరుకు వెళ్ళే రోజు కదా" అంది.

పిల్లల్ని తీసుకెళ్ళడానికి పైకప్పు తెరుచుకునే కారు తెచ్చాడు. బుడ్డోడు ఎగిరి గంతేశాడు. శనివారం అనుకున్నాడు వాడు, ఎప్పట్లాగే రేపు సాయంత్రం అమ్మ దగ్గరికి వచ్చేస్తానని. మర్నాడు ఆరింటికి చెప్పులేసుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడట. పెద్దది తర్వాత చెప్పింది. ఎవరు పిలిచినా లేవకపోతే అక్కడే నిద్రపోయేదాకా వదిలేశారట.

తన వంతు మొదటి ఆదివారం పిల్లలు వచ్చినప్పుడు బాణాలమ్మ ఆపుకోలేకపోయింది. తలుపేసి ఇద్దర్నీ లైటు కింద నిలబెట్టింది. బుడ్డోడి చెవిలో చీము. పెద్దదాని భుజం దగ్గర నాలుగు వేళ్ళ గుర్తులు, పెద్ద వేళ్ళవి. ఎవరే అంటే అది నోరు విప్పలేదు. ఆమె కుర్రలాయరుకి ఫోన్ చేసింది. "మీరు పిల్లలకి నూరిపోస్తున్నారంటారు మేడం, ఉన్న రెండు ఆదివారాలూ పోతాయి, కొన్నాళ్ళు ఓపిక పట్టండి" అన్నాడు వాడు. అంతకంటే వాడు మాత్రం ఏం చేస్తాడు?

ఆమె వంతు తర్వాతి ఆదివారం నేను వసారాలో బట్టలు ఆరేస్తున్నాను. పదింటికి కారు గేటు దగ్గర దింపి వెళ్ళిపోయింది. బుడ్డోడు పరిగెత్తుకుంటూ వచ్చి వాళ్ళమ్మ కాళ్ళకి చుట్టుకున్నాడు. పెద్దది మెట్ల మీదే ఆగింది. పైకి రాలేదు.

"రావే బంగారం."

"నువ్వు చూడనంటేనే వస్తా."

"ఏం చూడనే?"

"ఒళ్ళు. ఒళ్ళు చూస్తే నేనింక రాను. బుడ్డోడొక్కడే వస్తాడు." ఆరేళ్ళ పిల్ల, పెద్దవాళ్ళు బేరమాడినట్టు మాట్లాడుతోంది. "ఇంటికెళ్ళాక నానమ్మ అడుగుతుంది, మీ అమ్మ ఏమేం చూసింది, ఏమేం అడిగిందని. చెప్తే తిడుతుంది. చెప్పకపోతే అబద్ధాలంటుంది. నువ్వు చూడకపోతే నాకు ఏ గొడవా ఉండదు."

బాణాలమ్మ కాళ్ళకి చుట్టుకున్న బుడ్డోడి తల నిమిరింది. తర్వాత, "చూడను" అంది.

"ఒట్టు?"

"ఒట్టు."

అప్పుడు అది పైకొచ్చింది. ఎడమకాలు నేలకి సరిగ్గా ఆనించడం లేదు. మడమ ఎత్తి, వేళ్ళ మీద నడుస్తోంది. కాళ్ళకి మేజోళ్ళున్నాయి, అంత ఎండలో. మడమ దగ్గర మేజోడు గోధుమరంగుకి తిరిగి, కాలికి అతుక్కుపోయి ఉంది.

నేను చూసిందే ఆమె చూసింది. ముప్పై అడుగుల దూరం నుంచి వేలాడే దారాన్ని పట్టే కళ్ళు అవి, ఆ మేజోడు కనబడలేదంటే నేను నమ్మను. ఒక్క క్షణం అక్కడ నిలిచి, పక్కకి తిరిగి పొయ్యి మీదికి పోయాయి. తర్వాత రోజంతా పిల్ల మొహం తప్ప ఇంకెక్కడా చూడలేదు ఆమె. వండింది, తినిపించింది, బొమ్మలు గీయించింది, కథ చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది. పెద్దది నవ్వింది కూడా, చాలాసార్లు. మంచం దిగాల్సి వచ్చినప్పుడల్లా గోడ పట్టుకుని దిగింది.

మూడింటికి ఆమె నీళ్ళకి పంపు దగ్గరికొచ్చింది. అక్కడ పట్టుకున్నాను.

"కాలు చూడవే. చీము పట్టి ఉంటుంది."

"చూడను."

"నువ్వు తల్లివేనా?"

"చూస్తే ఇంక రాదక్కా" అంది. బిందె నిండి పొర్లిపోతోంది, పంపు కట్టడం లేదు. "నాకు నెలకి రెండు రోజులే ఉన్నాయి. అది రాకపోతే నేనేం చేసుకోను?"

 ఇంత కసాయి లోకంలో ఈ ఒక్క మనిషీ తప్పు చూసి వదిలెయ్యడం నేర్చుకోవాలా? నేర్చుకుంది. మేమంతా కలిసి నేర్పాం.

ఐదింటికి ఐదు నిమిషాల ముందు ముగ్గురూ బయల్దేరారు. ఆమె బుడ్డోణ్ణి ఎత్తుకుని ముందు దిగింది, ఒక్కసారీ వెనక్కి తిరగకుండా, వీపు కర్రలా బిగబట్టి. పెద్దది వెనకాల ఒక్కో మెట్టూ కూర్చుని, కాలు చాపి, లేచి, మళ్ళీ కూర్చుని దిగుతోంది. సగం మెట్ల దగ్గర ఆగి, గుమ్మంలో ఉన్న నా వైపు తలెత్తి చూసింది. నేను కాలు చూస్తానేమోనని దాని భయం.

నేను ఎవరికీ ఒట్టు పెట్టలేదు. ఎత్తుకుని లోపలికి తెచ్చి ఆ మేజోడు విప్పొచ్చు, ఆస్పత్రికి తీసుకుపోవచ్చు, ఎవరింట్లో తగిలిందో నా చేత్తో నేనే రాసి ఎవరి మొహాన్నైనా కొట్టొచ్చు. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి నాకు డ్యూటీ ఉంది. నేను లోపలికెళ్ళి తలుపేసుకున్నాను.